గొర్రెకన్ను పువ్వుల లెక్క

బయలంతా దింపిన రెండువందల ఉక్కు ములుకుల్లో ఆఖరిది ఎర్రనేలలోకి పూర్తిగా దిగింది. డాక్టర్ సువర్చల చేతిలోని తెర మీద అంకెలు పరుగు మొదలుపెట్టాయి. పదివేలు, లక్ష, పది లక్షలు దాటినా ఆగలేదు. యంత్రం చెడిపోయిందేమోనని ఆమె స్విచ్ కట్టేసి మళ్లీ వేసింది. మళ్లీ అదే వరస.

ఆమె సొంతంగా తయారుచేసిన ఆ యంత్రం పేరు శ్వాసిని. దాని సూత్రం తేలికే. నేలలో నిద్రపోతున్న విత్తనం కూడా ఊపిరి తీస్తుంది, బహు సన్నగా. అది వదిలే వాయువుల పాళ్లు ఒక్కో జాతికి ఒక్కో తీరుగా ఉంటాయి. ములుకు చివరనున్న సెన్సర్ వాటిని పట్టుకుని, కింద ఏ మొక్క విత్తనాలు ఎన్ని బతికున్నాయో చెబుతుంది. చచ్చిన విత్తనం ఊపిరి తీయదు గనక లెక్కలోకి రాదు.

సువర్చల వెతుకుతున్నది గొర్రెకన్ను పువ్వు. చిటికెన వేలి గోరంత ఊదా పువ్వు, నడుమ అడ్డంగా నల్లటి గీత. రాయలసీమలోని ఈ ఒక్క గడ్డిబయల్లో తప్ప ఎక్కడా పుట్టదు. గడ్డిబయలంటే సర్కారుకి ఎప్పుడూ చిన్నచూపే. చెట్లు లేవు గనక అడవి కాదు, పంట లేదు గనక పొలం కాదు, కాబట్టి బంజరు. ఈ పన్నెండు వందల ఎకరాలను సోలార్ పలకల నుంచి కాపాడుతున్నది పువ్వు పేరు పక్కనున్న 'అంతరించే ప్రమాదం' అన్న ముక్క ఒక్కటే. ఆ ముక్క పట్టుకుని పన్నెండేళ్ల కింద సువర్చల చుట్టూ కంచె వేయించింది. గొర్రెలను బయటికి తోలించింది. అయినా మొక్కలు ఏటేటా తగ్గి, ఈ ఏడు నలభై ఒకటి మిగిలాయి.

"పెద్దయ్యా, కింద అరవై లక్షల విత్తనాలున్నాయి!" అని కంచె అవతల నిలబడ్డ బీరప్పతో అరిచింది. తాతల నాటి నుంచి ఆ బయల్లో మంద మేపిన కురుబ ఇంటివాడు బీరప్ప. కంచె వచ్చాక అతని మూడొందల గొర్రెలు ముప్పైకి దిగాయి.

"ఉంటాయి ల్యామ్మా. యాడికి పోతాయి?" అన్నాడు తాపీగా.

"మరి మొలవవేం?"

"నేల బిగుసుకపాయె. తొక్కేటియి లేవు గదా. వానకు ముందు మంద తిరిగితే గిట్టలకు పైపెచ్చు పగులుతాది. నీళ్లు దిగుతాయి, మొలుస్తాయి. పువ్వు కనబడినంక మాత్రం గింజ రాలేదాకా ఒక్క గొర్రెను గూడా ఇడిసేటోళ్లం గాదు. మా పెద్దోళ్లు పెట్టిన కట్టు అది."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితివా?"

సువర్చలకు తల కొట్టేసినట్టయింది. కాపాడుతున్నాననుకున్న పువ్వు గొంతు తన చేతులతో తానే నులిమింది. వెంటనే, మందను లోపలికి రానివ్వమని జీవజాతుల బోర్డుకు అర్జీ పంపింది. అర్జీకి బలంగా ఉంటుందని శ్వాసిని లెక్కను జతచేసింది. అదే కొంప ముంచింది.

బోర్డులో మనుషులు లెక్కలు చూడటం మానేసి చాన్నాళ్లయింది. ఆ పని కంప్యూటర్ చేస్తుంది. బతికున్నవి ఎన్ని అన్నదే దానికి కావాలి. నిద్రలో ఉన్న విత్తనమూ బతికున్నట్టేనని రుజువు చేసి, అంతకుముందే బోర్డు చేత ఒప్పించింది సువర్చలే. పొద్దున నలభై ఒకటి, మధ్యాహ్నానికి అరవై లక్షల నలభై ఒకటి. పువ్వు పేరు పక్కన 'ప్రమాదం లేదు' అని పడింది. ఇక అర్జీ చదివే అవసరం ఎవరికీ రాలేదు.

ఆమె కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. "మీ యంత్రమే కదండీ చెప్పింది? తప్పంటారా?" అని ప్రతిచోటా మర్యాదగా అడిగారు. తప్పని ఎలా అంటుంది? లెక్క సరైనదే.

వేసవిలో కంచె పీకేశారు. లారీలూ క్రేన్లూ తిరిగి తిరిగి, బిగుసుకున్న నేలను పెళ్లలు పెళ్లలుగా లేపాయి. పలకల వరసలు నిలబడ్డాయి. తొలకరి పడింది. నెల తిరిగేసరికి ఆ వరసల సందుల్లో కనుచూపు మేరా ఊదారంగు పరుచుకుంది. సువర్చల ములుకు దింపి చూసింది. కింద నిద్రపోతున్నవి దాదాపు లేవు. ఉన్నవన్నీ ఒక్కసారే లేచి వచ్చేశాయి. ఆమె ఆ పూల మధ్య నిలబడి ఏడ్చింది. అంత అందం జన్మలో చూడలేదు. ఇంకొక్క నెల వదిలేస్తే గింజ కట్టి రాలుతుంది, జాతి బతుకుతుంది.

అప్పుడే సోలార్ కంపెనీవాళ్లు పలకల చుట్టూ కట్టిన కొత్త ప్రహరీ గేటు తెరిచారు. ముందు బీరప్ప, అతని వెనక చుట్టుపక్కల ఊళ్ల మందలన్నీ. పలకల మీద నీడ పడకుండా మొక్కలను పొట్టిగా ఉంచాలి. మందు కొడితే పలకలు పాడవుతాయి. అందుకని కంపెనీ గొర్రెలవాళ్లను పిలిచింది.

"పెద్దయ్యా, పూత మీదుంది! మీ కట్టు..."

బీరప్ప ఆమె ముఖం చూడలేదు. "వానకు ముందు ఇడస్తామని అడిగితిమి. వద్దన్యారు. మొలిచినంకనే రావాలంట. రాకుంటే ఇంకో ఊరోళ్లను పిలుస్తారంట."

"ఒక్క నెల ఆగండి. నా మాట వినండి."

"నీ మాట ఇని గదమ్మా పన్నెండేండ్లు కంచె బయట నిలబడింది? మందలు కరిగిపాయె. కొడుకూ కోడలూ కూలికి బెంగుళూరు పోయిరి. ఇప్పుడు ఇంగొక నెల అంటాండావు."

బీరప్ప తువ్వాలుతో కళ్లొత్తుకుని, పూల వైపు వీపు తిప్పుకుని మందను అదిలించాడు. గొర్రెలు నాలుగడుగులు వేసి ఆగిపోయాయి. సందుకు అడ్డంగా నిలబడ్డది ఆమే.

సువర్చల పక్కకు జరిగింది.