అద్దానికి అంటుకున్న చేయి

నక్షత్రచేప కొనడానికి ముగ్గురం వెళ్ళాం. దుకాణంలో ఉప్పునీటి తొట్టెలన్నీ వెనక గదిలో ఉన్నాయి. దుకాణదారు ఒకదాన్ని నీళ్ళలోనే వెల్లకిలా తిప్పి పెట్టాడు.

"తనంతట తను బోర్లా తిరిగితే బలంగా ఉన్నట్టు. తిరక్కపోతే ఊరికే ఇచ్చినా తీసుకోకండి," అన్నాడు. "నీళ్ళలోంచి తీసి గాలి తగలనివ్వకూడదు. అద్దానికి అంటుకుంటే లాగకూడదు. అదే వదలాలి."

అది మెల్లగా ఒక చేయి మడిచి, ఇంకోటి ఊని, తిరిగింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మా ఆయన చేపను వేసిన నీళ్ళ సంచి పట్టుకున్నారు. ఆయన పని అక్కడితో అయిపోయింది.

ఇంటికొచ్చాక, చేపకు అలవాటయ్యేలా ఆ సంచిలోకి మా తొట్టె నీళ్ళు బొట్టుబొట్టుగా వదులుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నది నేను. ఉప్పు కలిపేది నేను, అద్దం తుడిచేది నేను. "నువ్వయితే శ్రద్ధగా చేస్తావు" అంటారాయన. ఆ మెచ్చుకోలు వింటే ఒళ్ళు మండుతుంది.

నక్షత్రచేప ఎప్పుడూ ఒకే చోట ఉండేది, మా అమ్మాయి చదువుకునే బల్ల వైపు అద్దం మీద. పిల్ల ఇవతలి నుంచి అరచెయ్యి ఆనించేది. ఐదు చేతులకు ఐదు వేళ్ళు. చూడ్డానికి ముద్దుగానే ఉండేది. రొయ్య ముక్క వేస్తే మాత్రం దాన్ని ఒళ్ళంతా కప్పుకుని, కడుపు బయటికి తెచ్చి, అక్కడికక్కడే కరిగించుకునేది.

ఒకరోజు అది పాకుతూ, నీళ్ళు లాగే పంపు నోటి దగ్గరికి పోయింది. పుల్లతో అదిలిస్తే కాసేపు తగ్గి మళ్ళీ అక్కడికే. పొద్దుటినుంచి ఇంటి చాకిరీతో విసిగి ఉన్నాను. చెయ్యి పెట్టి లాగేశాను.

ఒక చేయి తెగి అద్దానికే ఉండిపోయింది.

లోపలి గదిలోంచి పిల్ల పిలిచింది. "అమ్మా... నా చిటికెనవేలికి ఏమైంది?"

వేలు ఉంది. చల్లగా, తెల్లగా, కదలకుండా. డాక్టరు సూది గుచ్చినా పిల్లకు తెలియలేదు. పరీక్షల్లో మాత్రం లోపమేమీ లేదన్నాడు.

మా ఆయనతో చెప్పాను. "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు," అన్నారు.

దుకాణదారుకు ఫోను చేశాను. "చేయి మళ్ళీ మొలుస్తుందమ్మా. ప్రాణం పోకుండా మాత్రం చూసుకోండి," అన్నాడు. అతను చేప గురించే చెప్పాడు. నేను పిల్ల వేలి వైపు చూశాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఆయన ఇంకా ఆఫీసులోనే ఉన్నారు. కరెంటు పోయింది.

పంపు చప్పుడు ఆగిపోయింది. ఇల్లంతా చీకటి. కిటికీ మీద వాన... గదంతా తడి ఉప్పు వాసన. పంపు ఆగితే నీళ్ళలో గాలి ఉండదు. మగ్గుతో ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉండాలి. మొదలుపెట్టాను. ఆయనకు ఫోను చేస్తే, "వస్తుందిలే కరెంటు. ఒక చేప కోసం ఇంత హైరానా ఏంటి?" అని పెట్టేశారు.

పిల్ల వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మా..."

"ఏంటి తల్లీ?"

"ఇంకొంచెం పొయ్యి. ఊపిరాడట్లేదు."

పోశాను. భుజాలు పడిపోతున్నాయి. పోశాను. మగ్గు ఆగిన ప్రతిసారీ పక్కన ఆ చిన్న గొంతులో ఈల లాంటి ఎగశ్వాస...

పట్టు జారింది. మగ్గు నీళ్ళలో పడిపోయింది. వెతుకుతుంటే నా వేళ్ళకు ఏదో అంటుకుంది. మెత్తగా... బోలెడన్ని చిన్న నోళ్ళు ఒకేసారి పట్టుకున్నట్టు. ఈసారి లాగలేదు. కదల్లేదు.

పక్కన ఊపిరి ఆగింది.

అరవబోయాను. నా వేళ్ళ మీది పట్టు కొంచెం కొంచెంగా సడలింది. అదే వదిలింది.

"వచ్చేశానమ్మా," అంది పక్కన పిల్ల.

కరెంటు వచ్చింది. నక్షత్రచేప తొట్టె అడుగున తెల్లగా విచ్చిపోయి పడి ఉంది. పిల్ల నవ్వుతూ చిటికెనవేలు ఆడించి చూపింది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను. ఆయన వచ్చి, "చూశావా, ఊరికే కంగారు పడ్డావు," అన్నారు.

మర్నాడు పొద్దున ఉడికించిన గుడ్డు కోసి గిన్నెలో పెట్టాను. పిల్ల రెండు చేతులతో గిన్నెను కప్పుకుని, దాని మీదికి మొహం వంచి, అలాగే ఉండిపోయింది. చాలాసేపు. మొహమెత్తేసరికి గిన్నె కడిగినట్టుంది.

"గొడవ చెయ్యకుండా తినేసిందిగా. ఇంకేం కావాలి నీకు?" అన్నారాయన, పేపరు దించకుండా.

నేను దాని పక్కనే నిలబడి ఉన్నాను. నమిలిన చప్పుడు వినలేదు.