వినయ్ పేరు మీది బంతులు

హనుమకొండ సుబేదారిలోని ఆ ఇంట్లో ఉదయం ఆరున్నర అయిందన్న సంగతిని గడియారం కంటే ముందు పెరటి రేకుల షెడ్డు చెప్పేది. గోల్ఫ్ బంతి వలకు తగిలిన మొద్దు చప్పుడు ఒకటి, కాస్త విరామం, మళ్లీ ఒకటి. ఆ చప్పుడు వినగానే యమునమ్మ పాలగిన్నె పొయ్యి మీద పెట్టేది. ఆమె భర్త రాజేశ్వర్ రావు గారు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, టాబ్లెట్ చంకన పెట్టుకొని షెడ్డులోకి నడిచేవారు. ముప్పై రెండేళ్లు డిగ్రీ కళాశాలలో గణాంక శాస్త్రం బోధించిన మనిషి ఆయన; తరగతికి ఆలస్యంగా వెళ్లడం పదవీ విరమణ తరువాత కూడా ఆయనకు చేతకాలేదు.

ఆ షెడ్డు వేయించినవాడు ఆయన కొడుకు వినయ్. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ గోల్ఫ్ నేర్చుకొని, ఇంటి నుంచే పని చేసుకొమ్మన్న రోజుల్లో భార్య శ్రావణితో హనుమకొండకు తిరిగి వచ్చి, పెరట్లో వల కట్టి, లాంచ్ మానిటర్ అనే చిన్న పెట్టెను తెచ్చిపెట్టాడు. కొట్టిన బంతి పది అడుగుల అవతలే వలకు తగిలి కింద పడేది. ఆ పెట్టె మాత్రం బంతి వేగాన్నీ, లేచిన కోణాన్నీ, గాలిలో తిరుగుడునూ కొలిచి, వల లేకపోయి ఉంటే అది ఎన్ని గజాల దూరంలో పడేదో టాబ్లెట్ మీద చూపేది. జరగని ప్రయాణాలకు కొలత అది.

రెండేళ్ల కిందట ఒక ఉదయం వినయ్ అక్కడే కొన్ని బంతులు కొట్టి, తల బరువుగా ఉందని కూలబడ్డాడు. మెదడులో నరం చిట్లిందని దవాఖానలో చెప్పారు. మధ్యాహ్నానికి అంతా ముగిసింది. అతనికి ముప్పై నాలుగేళ్లు.

పదకొండు నెలలు ఆ షెడ్డు తాళం తీయలేదు. ఒకనాడు శ్రావణి తానే తీసి, భర్త నేర్పిన ఆటను మళ్లీ మొదలుపెట్టింది. డోర్నకల్ రైల్వే ఉద్యోగి కూతురు, బడిలో వాలీబాల్ ఆడిన చేతులు. ఆట తొందరగానే పట్టుబడింది. ఇప్పుడు హైదరాబాదులోని ఒక శిక్షణ సంస్థ ఆడవాళ్లను కోచ్‌లుగా తీసుకుంటోంది. ఆదివారం పరీక్ష. డ్రైవర్‌తో, అంటే బంతిని అన్నింటికన్నా దూరం పంపే పెద్ద తల కర్రతో, పది బంతులు కొట్టాలి. సగటున నూట డెబ్భై గజాలు దాటాలి. దాటితే ఏడాది శిక్షణ, ఆపైన ఉద్యోగం. దాటకపోతే మళ్లీ అవకాశం ఎప్పుడో తెలియదు.

ఇంట్లో రెండు డ్రైవర్లు ఉన్నాయి. ఒకటి వినయ్‌ది. రెండోది శ్రావణి తనకోసం తెప్పించుకున్న తేలికైనది. ఏది తీసుకువెళ్లాలో తేల్చే బాధ్యతను ఆమె మామగారికే అప్పగించింది. ఆయన వెనుక కుర్చీలో కూర్చొని, టాబ్లెట్ తన వైపు తిప్పుకొని చూసేవారు. బంతి బంతికీ అంకె చూస్తే చేయి చెడుతుందనీ, ఒక్క బంతి ఏమీ చెప్పదనీ, సగటే చెబుతుందనీ ఆయన నియమం. నిన్న తీర్పు కూడా చెప్పారు: వినయ్ డ్రైవర్‌తో నూట ఎనభై ఆరు, కొత్తదానితో నూట డెబ్భై నాలుగు.

“నాకైతే ఆయనది చేతుల బరువనిపిస్తాంది మామయ్యా,” అంది శ్రావణి.

“అనిపించడం కొలత కాదమ్మా,” అన్నారాయన.

ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది. రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది.

శుక్రవారం ఉదయం ఆయన పాత విద్యార్థి వీరభద్రం కూతురి పెళ్లికార్డు పట్టుకొని గేటు దగ్గరికి వచ్చాడు. టాబ్లెట్‌ను షెడ్డులో కుర్చీ మీదే వదిలి వెళ్లవలసి వచ్చింది. వీరభద్రం ముహూర్తమూ, వంటవాళ్లూ, వియ్యంకుడి పట్టుదలలూ వివరిస్తూ ఉంటే, పెరట్లో చప్పుళ్లు పది వినిపించాయి. తరువాత ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం రెండేళ్ల కిందటిదిలాగే ఉంది. రాజేశ్వర్ రావు గారు కార్డు అందుకొని, మాట మధ్యలోనే నమస్కారం పెట్టి, వయసు మరచి వేగంగా నడిచారు.

శ్రావణి క్షేమంగానే ఉంది. టాబ్లెట్ పట్టుకొని నిలబడి ఉంది.

“మామయ్యా, నేను ఎన్నడన్న రెండు వందల నలభై ఏడు గజాలు కొట్టిన్నా?”

ఆయన టాబ్లెట్ కోసం చేయి చాచారు, ఆమె ఇవ్వలేదు.

“ఇప్పుడే ఆయన డ్రైవర్‌తోని పది కొట్టిన. నూట అరవై రెండు, నూట అరవై అయిదు, నూట యాభై తొమ్మిది. అన్ని గట్లనే ఉన్నయి. పైన సగటు మాత్రం నూట ఎనభై ఆరే. నా బంతులు ఎవరి పేరు మీద ఎక్కుతున్నయి?”

“ఆ పేరు నీకు కొత్తది కాదు కదా,” అన్నారాయన, తరగతిలో అధికప్రసంగిని కూర్చోబెట్టే స్వరంతో.

“పేరు కొత్తది కాదు. ఆయన కొట్టినవి, నేను కొట్టినవి ఒక్క దగ్గర కలిపిండ్రు. మీరు చేసిన పోలికల ఒక దిక్కు మేమిద్దరం ఉన్నం, ఇంకో దిక్కు నేనొక్కదాన్ని. పిల్లలు ఇట్ల కలిపి తెస్తే మీరు సున్నా వేసేటోళ్లట. ఆయనే నవ్వుకుంట చెప్పిండు నాకు.”

రాజేశ్వర్ రావు గారు కుర్చీలో కూర్చున్నారు. యంత్రం పొరపాటు అని చెప్పవచ్చు, చూసుకోలేదని చెప్పవచ్చు. కానీ జీవితమంతా అంకెలతో నిజాయితీగా బతికిన నోరు ఆయన అనుమతి లేకుండానే పలికింది.

“రెండు వందల ఇరవై వాడివి. నాలుగు వందలు నీవి. నిన్నటి వరకు.”

“అంటే మీకు ఎరుకే.”

“తెలుసు.”

శ్రావణి టాబ్లెట్‌ను నెమ్మదిగా కింద పెట్టింది. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు కొంత సులువయ్యేది.

“ఆదివారం అక్కడ నూట అరవై మూడు కొట్టి, తలకాయ దించుకొని ఇంటికి రావాల్ననా? అడిగితే ఉందును గావచ్చు మామయ్యా. మీ ఇద్దరి కోసం ఉందును. ఓడగొట్టి ఉంచుకుంటరా?”

“నిన్ను ఉంచుకోనీకి కాదు,” అని గుమ్మం దగ్గరి నుంచి యమునమ్మ అంది. ఎప్పుడు వచ్చిందో, చాయ్ గ్లాసులు చేతిలో అలాగే ఉన్నాయి. “వాన్ని ఉంచుకోనీకి, బిడ్డా.”

ఆమె గ్లాసులు కిటికీలో పెట్టి, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. మధ్యాహ్నం అందరూ నడుము వాల్చిన వేళ ఆయన ఆ టాబ్లెట్ తెరిచి కూర్చుంటారు. కొడుకు పేరు కింద ఏ రోజుకారోజు కొత్త తేదీ ఉంటుంది. దానినే చూస్తూ ఉంటారు.

“ఒకనాడు, ఇయ్యాల గూడ వాడు ఆడిండు యమునా, అన్నడు నాతోని. నాకు భయమైంది. అడిగితే ఏమైతడో అని నోరు మూసుకున్న.”

రాజేశ్వర్ రావు గారికి ఆ మాట అన్నట్టు జ్ఞాపకం లేదు. జ్ఞాపకం లేకపోవడమే ఆయనను ఎక్కువగా భయపెట్టింది.

ఆయన టాబ్లెట్ వైపే చూస్తూ చెప్పారు. శ్రావణి షెడ్డు తెరిచిన నాడు టాబ్లెట్ తెరిస్తే, వినయ్ పేరు కింద చివరి తేదీ కనిపించింది. దానిని నొక్కితే ఆ ఉదయపు పుట తెరుచుకుంటుంది. వేలు కదలలేదు. అంతలో ఆమె మొదటి బంతి కొట్టింది; ఆ తేదీ కిందికి జరిగి, పైన కొత్త తేదీ నిలిచింది. ఆమె పేరుతో వేరే ఖాతా తెరవడం రెండు నిమిషాల పని. ఆ పని రేపటికి వాయిదా వేశారు. ఆ రేపు ఏడాది దాటింది.

“నేను పోలిక కోసం కూర్చోలేదమ్మా. ఆ పుట పైకి రాకుండా కాపలా కూర్చున్నాను.”

శ్రావణి ఆయన ముందు నేల మీద కూర్చుంది.

“ఆయన కర్ర పట్టినప్పుడల్లా నాకు గూడ పక్కన నిలబడ్డట్టే ఉంటది మామయ్యా. మోచెయ్యి సరిచేస్తడేమో అని ఆగుత. అందుకే చేతులు బరువైతయి.” ఆమె టాబ్లెట్ తీసి ఆయన ఒళ్లో పెట్టింది. “నా బంతులు నాకు తీసియ్యిండి.”

ఆయన శ్రావణి పేరుతో కొత్త ఖాతా తెరిచారు. ఆమె ఆడిన రోజులను ఒక్కొక్కటిగా పట్టి ఆ పేరు కిందికి మార్చసాగారు. ఒక్కో రోజు తీసినప్పుడల్లా వినయ్ పేరు కింద తేదీ వెనక్కి వెళ్లింది. ఇవాళ పోయింది. నిన్న పోయింది. వేసవి పోయింది, దాని ముందటి చలికాలం పోయింది. కొడుకు ఒక్కో నెలా ఆయన ఎదుటే వెనక్కి నడిచి వెళ్తున్నట్టుంది. మధ్యలో రెండుసార్లు ఆయన చేయి ఆగింది. శ్రావణి తొందరపెట్టలేదు, యమునమ్మ అక్కడి నుంచి కదలలేదు.

చివరి రోజు మారిన తరువాత ఆమె అంకెలు విడిగా నిలిచాయి. వినయ్ డ్రైవర్‌తో నూట అరవై మూడు. తన డ్రైవర్‌తో నూట డెబ్భై నాలుగు.

“నిన్న నేను చెప్పింది తప్పు. నీకు పనికివచ్చేది నీ డ్రైవరే,” అన్నారాయన. తనకన్నా చిన్నవాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడం ఆయనకు అదే మొదటిసారి.

వినయ్ పేరు కింద ఇప్పుడు అన్నిటికన్నా పైన అతని చివరి తేదీయే ఉంది. ఆయన నొక్కారు. పదకొండు బంతులు. ఎనిమిది వరకు వినయ్ ఎప్పటిలాగే కొట్టాడు. తొమ్మిదోది తగ్గింది. పదోది ఇంకా తగ్గింది. ఆ ఉదయం తాను వరండాలో పత్రిక చదువుతూ ఈ పదకొండు చప్పుళ్లూ విన్నారు. పదకొండూ ఒకేలా వినిపించాయి.

“ఆఖరుది ఎంత దూరం పోయింది?” అని యమునమ్మ అడిగింది.

“నూట నలభై గజాలు.”

“తక్కువనా?”

“వాడికి తక్కువే.”

“ఇగ దాని తర్వాత?”

“ఆ తరువాత ఏమీ లేదు, యమునా.”

చితి దగ్గర కూడా తలెత్తుకొని నిలబడిన మనిషి, ఆ మాట తన నోటితోనే విని, ఇద్దరు ఆడవాళ్ల మధ్య చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. యమునమ్మ ఆయన వీపు మీద చేయి వేసి ఉంచింది. అణచిపెట్టుకున్న రెండేళ్ల ఏడుపు అది. తీరడానికి సమయం పట్టింది.

తరువాత ఆయన టాబ్లెట్‌ను కుర్చీకి ఆనించి, తెర శ్రావణికి కనిపించేలా ఆమె వైపు తిప్పారు. తాను పక్కకు జరిగి, భార్యతో కలిసి గుమ్మంలో నిలబడ్డారు.

“కొట్టమ్మా,” అన్నారు. “ఆదివారానికి రెండు రోజులే ఉన్నాయి.”