పాడె దిగాక నవ్వాలి

అంధేరీలోని నూర్‌బాగ్ స్టూడియోలో మూడో నంబరు షెడ్డుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అందులో ఒంటరిగా కాసేపు కూర్చోమని ఎవరినైనా అడిగి చూడండి. లైట్లు మోసేవాడి దగ్గర్నుంచి గేటు దగ్గర మీసం మెలేసే గూర్ఖా దాకా అందరికీ అప్పటికప్పుడు ఏదో పని గుర్తొస్తుంది.

అక్కడ ఎవరో నవ్వుతారట.

ఏడుపైతే జనం సర్దుకుపోయేవారు. పాత స్టూడియో అన్నాక ఏడ్చే దెయ్యం ఒకటి ఉండడం మామూలే. ఇక్కడ వినపడేది నవ్వు. లావుపాటి మగగొంతు... కప్పు దగ్గర మొదలై, మెల్లగా కిందికి దిగి, సెట్టు వెనకాల ఎక్కడో ఆగిపోతుందట.

అది ప్రేమ్ గోటియాది అంటారు. ఒకప్పటి కమెడియన్. ఆ షెడ్డులోనే శవం వేషం వేశాడు. సినిమావాళ్ళకో ఆచారం ఉంది — శవంగా పడుకున్నవాడు పాడె దిగగానే కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ ముక్క సినిమాలో ఉండదు, కోసి పారేస్తారు. అయినా తీసి తీరాలి. చావు దగ్గర ఆపేసి ఇంటికి పోతే ఆ చావు వెంటపడి వస్తుందని భయం. ఆ రోజు హడావిడిలో గోటియా నవ్వు తీయడం మరిచిపోయారు. తెల్లారేసరికి గోటియా లేడు. తీయకుండా వదిలేసిన ఆ నవ్వే షెడ్డులో తిరుగుతోందని చెప్పుకుంటారు.

నమ్మండి, మానండి. అదే షెడ్డులో చమన్‌కి జరిగింది మాత్రం ఆయన మేకప్ మనిషి వాజిద్ స్వయంగా చెప్పగా విన్నవాళ్ళు నాకు చెప్పారు.

చమన్ అసలు పేరు తిలక్‌రాజ్ భసీన్. దేశం రెండు ముక్కలైనప్పుడు లాయల్‌పూర్ నుంచి కట్టుబట్టలతో వచ్చి, బొంబాయిలో సయాన్ కోలీవాడా కాందిశీకుల శిబిరంలో పడ్డాడు. గుంపులో నిలబడే వేషానికి వెళ్ళి, టీ కప్పుల ట్రేతో నిజంగానే కాలుజారి హీరో మీద పడ్డాడు. తిట్టబోయిన డైరెక్టరుకి నవ్వాగలేదు. ఆ ముక్క సినిమాలో ఉంచేశాడు. అంతటితో చమన్ దశ తిరిగింది. ఏళ్ళ తరబడి హీరోకి స్నేహితుడూ, హీరోయిన్‌కి వెర్రిబాగుల తమ్ముడూ ఆయనే.

అన్నిటికన్నా పేరు తెచ్చింది ఆయన నవ్వు. ఎక్కిళ్ళతో మొదలై, మధ్యలో ఊపిరందక ఠక్కున ఆగిపోయి, ఇక అయిపోయిందని హాల్లో జనం అనుకునేలోగా మళ్ళీ ఎగదన్నుకొచ్చేది.

ఆ నవ్వు పుట్టింది కూడా నూర్‌బాగ్‌లోనే. డబ్బింగ్‌కి మైకు ముందు నిలబడితే ఎంతకీ నవ్వు రాలేదు. భోజనాల వేళ దాటిపోయింది. ఆయన భార్య సంతోష్ టిఫిన్ క్యారియర్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. విసుగెత్తి, “ఏమండీ, ఇంకెంతసేపు? పరోటాలు చల్లారిపోతున్నాయి!” అని గట్టిగా అనేసింది. మైకు పనిచేస్తోందని ఆమెకి తెలీదు. నాలిక్కరుచుకుని తనే కిసుక్కున నవ్వింది. దాంతో చమన్ పగలబడ్డాడు.

రికార్డిస్టు టేపులోంచి ఆమె మాటా నవ్వూ కత్తిరించి పారేసి, ఆయన నవ్వొక్కటే టేపు మీద దాచాడు. తర్వాత ఏ సినిమాకైనా అదే టేపు. చమన్ నోరు తెరిస్తే చాలు, మిగతాది టేపు చూసుకునేది.

కిందటేడు సంతోష్ పోయింది.

చమన్ నవ్వుకెంత పేరుందో ఏడుపు మొహానికీ అంత పేరుంది. కింది పెదవి జారుతుంది, చెవులు కదులుతాయి, హాలు గొల్లుమంటుంది. శ్మశానంలో ఆయన పెదవి అలాగే జారింది. గోడెక్కి చూస్తున్న పిల్లలు ఫక్కున నవ్వారు. వాళ్ళని అదిలించడానికి లేచిన పెద్దమనిషి కూడా దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చమన్ అది చూశాడు. పెదవి బిగించేశాడు.

ఆ రోజు బిగించిన మొహం మళ్ళీ వదులు కాలేదు. ఏడుపు ఆగింది. దాని వెనకే నవ్వు పోయింది, ఆకలి పోయింది, కోపం పోయింది. పొద్దున్నే తాగే టీ వేడిగా ఉందో లేదో నాలిక్కి తెలిసేది కాదు. వేషాలు మాత్రం వేస్తూనే ఉన్నాడు. నోరు తెరిచేవాడు, టేపు నవ్వేది. ఆయనలో ఏమీ మిగల్లేదని వాజిద్‌కి తప్ప ఇంకెవరికీ తెలీలేదు.

అలాంటి మనిషికి శవం వేషం వచ్చింది, అదీ మూడో నంబరు షెడ్డులో.

ముక్కులో దూది, మెడలో బంతిపూల దండలు, గడ్డం దాకా తెల్లగుడ్డ. చమన్ పాడె మీద పడుకున్నాడు. చుట్టూ గ్లిజరిన్ కన్నీళ్ళు. కెమెరా తిరిగింది. ఆయనకి వెదురు వీపుకి గుచ్చుకోవడం కూడా తెలీలేదు. ఇన్నేళ్ళలో ఇంత తేలిగ్గా ఏ వేషమూ వేయలేదనిపించింది.

“కట్!” అన్నాడు డైరెక్టర్ సుబోధ్ దా. “శభాష్ చమన్! ఊపిరి తీస్తున్నట్టే లేదయ్యా. నాకే గుండె ఝల్లుమంది. ఇక లే, ఆ నవ్వు కాస్తా నవ్వేసెయ్. పోదాం.”

అందరూ కెమెరా వెనక చేరారు. గోటియా సంగతి తెలియనివాడు అక్కడ లేడు.

చమన్ లేచి కూర్చున్నాడు. కెమెరా వైపు చూశాడు. నోరు తెరిచాడు...

చప్పుడు రాలేదు.

మళ్ళీ తెరిచాడు. పళ్ళు కనిపించాయి, చెంపలు లేచాయి. గొంతులోంచి గాలి కూడా రాలేదు. కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంది. పైన లైట్ల దగ్గర కూర్చున్నవాడు కిందికి వంగి చూసి, గబుక్కున దండం పెట్టుకున్నాడు.

“చాలు చాలు,” అన్నాడు సుబోధ్ దా, ఎవరి మొహమూ చూడకుండా. “మొహం నవ్విందిగా. ప్యాకప్.”

అంత తొందరగా ఆ షెడ్డు ఎప్పుడూ ఖాళీ కాలేదట. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. వాజిద్ ఒక్కడే మిగిలి, ఆయన ముక్కులోంచి దూది తీశాడు.

“చమన్ భాయ్, నవ్వకుండా గేటు దాటడానికి వీల్లేదు. నేను దాటనివ్వను.”

“నవ్వడానికేముందని, వాజిద్?”

“ఏదో ఒకటి తలుచుకోండి. ఆ సుబోధ్ దా విగ్గు తలుచుకోండి. పోయినవారం ఫ్యాను గాలికి ఎగిరి పులుసు గిన్నెలో పడలేదూ?”

“పడింది.”

“మరి?”

“పడింది, అంతే.”

వాజిద్‌కి ఏడుపొచ్చినంత పనైంది. “ఇంటికి పోదాం పదండి. మీ దగ్గరే పడుకుంటాను.”

చమన్ తెల్లగుడ్డ సర్దుకుని మళ్ళీ పాడె మీద వాలాడు. “నన్నిక్కడే ఉండనీ. ఇక్కడ హాయిగా ఉంది.”

గోటియా కథకి భయపడని వాజిద్ ఆ మాటకి భయపడ్డాడు. పరుగులాంటి నడకతో బయటికి వెళ్ళిపోయాడు.

చీకటి...

కప్పు రేకులు చల్లబడుతూ టిక్కు టిక్కుమంటున్నాయి. బంతిపూలు వాడిన వాసన. చమన్ కళ్ళు తెరిచే ఉంచాడు. తెరిచినా మూసినా ఒకటే. రేపు పొద్దున ఎవరో వచ్చి లేపుతారు, లేదా లేపరు. రెండిట్లో ఏది జరిగినా తనకి పెద్ద తేడా ఉండదని తోచింది.

అప్పుడు — పైన, కప్పు దగ్గర...

ఎవరో ఎక్కిళ్ళు పెట్టారు.

ఒకటి. ఇంకొకటి. ఆ ఎక్కిళ్ళు నవ్వయ్యాయి. షెడ్డంతా నిండాయి.

గోటియా వచ్చాడన్నమాట, అనుకున్నాడు చమన్. ఒంటి మీద వెంట్రుక కూడా లేవలేదు. ఇలాంటప్పుడు మనిషన్నవాడు వణకాలి. తను వణకడం లేదు. ఆ సంగతి ఆయనకి ఎవరి గురించో చెబితే విన్నట్టుగా అనిపించింది.

నవ్వు పెద్దదైంది. కీచుమంది. చమన్ చెవులు రిక్కించాడు. ఇది గోటియాది కాదు... ఇది తనదే. వయసులో ఉన్నప్పటి తన నవ్వు.

ఊపిరందక ఠక్కున ఆగింది.

నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో... చెవి పక్కనే, మెల్లగా —

“ఇంకా పడుకునే ఉన్నారేం? లేవండి... చల్లారిపోతున్నాయి.”

వెంటనే, నాలిక్కరుచుకున్నట్టు, కిసుక్కుమని చిన్న నవ్వు.

చమన్ లేచి కూర్చున్నాడు. ఎప్పుడు లేచాడో ఆయనకే తెలీదు. పెదవి జారింది. చెవులు కదిలాయి. చూసి నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. గొంతులో ఏడాదిగా అడ్డుపడినదేదో కదిలి, ఎక్కిలై బయటపడింది. అది ఏడుపని మొదట అనుకున్నాడు. కాదు, నవ్వే. కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, పొట్ట పట్టుకుని పాడె మీద దొర్లుతున్నాడు. వెదురు వీపుకి గుచ్చుకుంది, నొప్పి పుట్టింది, ఆ నొప్పికి కూడా నవ్వొచ్చింది. సంతోష్ ఉండి ఉంటే చాలించమని కొంగుతో మూతి తుడిచేది. ఆమె మీద బెంగ ఒక్కసారిగా కమ్ముకుంది, ఆయన దాన్ని ఆపలేదు.

“నవ్వారు! చమన్ భాయ్ నవ్వారు!”

టార్చిలైటు ఊపుకుంటూ వాజిద్ పరిగెత్తుకొచ్చాడు. వచ్చీరాగానే ఆయన్ని వాటేసుకున్నాడు. “కెమెరా లేకపోతే పోనీండి. నేను చూశాను కదా, చాలు. నా పన్నాగం పారింది!”

“ఏం పన్నాగం?” అన్నాడు చమన్ రొప్పుతూ.

వాజిద్ సిగ్గుపడ్డాడు. “పాటలు తీసేటప్పుడు స్పీకర్లలో పాట వేస్తారే, ఆ మిషను గదిలోకి వెళ్ళి మీ పాత నవ్వు టేపు పెట్టాను. నవ్వు వింటే నవ్వొస్తుందేమోనని. మీరు గోటియా అనుకుని హడలిపోలేదు కదా?”

చమన్ నవ్వు నెమ్మదించింది. ఓహో... టేపు. అంతేనా. అయినా ఫర్వాలేదు, ఆ గొంతు ఇంకా ఎక్కడో భద్రంగా ఉందన్నమాట. కావలసినప్పుడల్లా వినొచ్చు. రికార్డిస్టు కోసేశానని చెప్పాడు గానీ, పూర్తిగా కోయలేదేమో.

“మళ్ళీ పెట్టవా, వాజిద్. మీ భాభీ గొంతు విననీ. ఒక్కసారి.”

ఇద్దరూ మిషను గదిలోకి వెళ్ళారు. వాజిద్ టేపు వెనక్కి తిప్పి మీట నొక్కాడు.

ఎక్కిళ్ళు. నవ్వు. కీచుమంది. ఠక్కున ఆగింది...

చమన్ స్పీకరుకి చెవి ఆనించాడు.

గరగర... గరగర...

మళ్ళీ నవ్వు ఎగదన్నుకొచ్చింది. టేపు అయిపోయింది.

“ఇంకోసారి.”

ఇంకోసారీ అంతే. ఆ ఆగిన చోట గరగర తప్ప ఏమీ లేదు.

చమన్ తలెత్తి చూశాడు. వాజిద్ చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

“ఏమైంది?” అన్నాడు చమన్.

వాజిద్ తలుపులోంచి కనిపిస్తున్న ఆ చీకటి షెడ్డు వైపోసారి చూసి, గొంతు బాగా తగ్గించి అన్నాడు —

“భాభీ ‘చల్లారిపోతున్నాయి’ అనడం నేనూ విన్నాను, చమన్ భాయ్... టేపులోదే అనుకున్నాను.”