ఏడో అంకె

బస్సులో నాలుగు సీట్లు ఖాళీగానే ఉన్నా నిఖిలేశ్వర్ నిలబడే ప్రయాణం చేశాడు. గుమ్మం పక్కనున్న ఫలకం ఆయన ఒంట్లోని నొప్పిని కొలిచి వేదనాంకం సున్నా అని చూపించింది. అంకె మూడు దాటినవాళ్ళకే సీటు. డెబ్భై ఒక్కేళ్ళ వయసులో అలా నిలబడగలగడం ఆయనకు ఇన్నాళ్ళూ కాస్త గర్వంగా ఉండేది.

విశాఖలో ఇప్పుడు దేనికైనా ఆ అంకే ఆధారం. సెలవు చీటీకైనా, ఆసుపత్రిలో వరసకైనా అదే చూస్తారు. ఎక్కడ నొప్పో, ఎంత నొప్పో నోటితో చెప్పుకోవలసిన అవసరం పోయి పదిహేనేళ్ళయింది.

ఆయన కొండ దిగువనున్న ఫిజియోథెరపీ కేంద్రం దగ్గర దిగాడు. లోపల చికిత్స చేసే అరుంధతి ఒక రోగి చేత వ్యాయామం చేయించి అప్పుడే లేస్తోంది. ఆమె కుడి మోకాలికి బూడిదరంగు పట్టీ ఉంది. దాన్ని నొప్పిఅద్దం అంటారు. రోగి మోకాలికి ఒకటి, చికిత్స చేసేవాళ్ళ మోకాలికి ఒకటి కడతారు. అక్కడ పుట్టిన నొప్పి ఇక్కడ తెలుస్తుంది. ఏ వ్యాయామం ఎక్కడ ఆపాలో, ఎంతవరకు ఓర్చుకోమనవచ్చో ఊహించుకునే పని లేదు. అరుంధతి రోజూ పద్నాలుగు మంది నొప్పులు భరిస్తుంది.

"నేను జాహ్నవి భర్తనమ్మా," అన్నాడాయన.

అరుంధతి కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. జాహ్నవి ఏడు నెలలు ఆమె దగ్గరికి వచ్చింది. మూడు వారాల కిందట మెదడులో రక్తనాళం చిట్లి, ఒక్క పూటలో పోయింది.

"కబురు తెలిసింది బాబాయి గారూ. నాకు చాలా బాధగా అనిపించింది."

"ఆవిడ నొప్పి మీ దగ్గర దాచి ఉంటుందట కదా. ఒకసారి నాకు పెట్టమ్మా."

ఏ రోగి పోయినా, పట్టీ నమోదు చేసిన నొప్పిదస్త్రాన్ని ఏడాదిపాటు ఉంచుతారు. అది వారసుల హక్కు. పరిశోధనకు ఇస్తారో, చెరిపేయమంటారో వాళ్ళిష్టం. తమకే కావాలని అడిగేవాళ్ళుంటారని ఆ నియమం రాసినవాళ్ళకు తోచలేదు. అందుకే అరుంధతి కాదనడానికీ వీల్లేదు.

"మీకెందుకండీ అది?"

"బడి వంటశాలలో ఇరవై రెండేళ్ళు బండల మీద నిలబడి వండింది. ఇంటికొచ్చాక మా కొండవాలు మెట్లు అరవై రెండు. మోకాళ్ళంటూ ఉండేది. ఈ వయసులో అందరికీ ఉండేదేలే అనేవాణ్ణి."

"ఫలకం మీద అంకె కనిపించేది కదా."

"కనిపించేది. ఏడు. ఏడంటే ఏడే అనుకున్నాను. హార్బర్‌లో క్రేన్ నడిపినవాణ్ణి. రోజంతా అంకెలే చూసేవాణ్ణి."

అరుంధతి ఆయన కుడి మోకాలికి పట్టీ కట్టి, మొదటి రోజు దస్త్రం తెరిచింది. అయిదు నిమిషాలకు మించి ఉంచకూడదని చెప్పింది.

మొదట ఏమీ లేదు. లేవబోయాడు. మోకాలి లోపలివైపు ఎవరో మేకు దించినట్టయింది. కుర్చీ చేతులు పట్టుకుని నిలబడ్డాడు. సాధన కోసం గోడవారగా మూడు మెట్లున్నాయి. మొదటిది ఎక్కాడు. రెండో మెట్టు మీద కాలు పెట్టి బరువు మోపలేక ఆగిపోయాడు.

"ఇలా ఎన్నాళ్ళమ్మా?"

"తొమ్మిదేళ్ళని పిన్ని గారు చెప్పారు."

ఆయన కమ్మీ పట్టుకుని తల వంచుకున్నాడు. అరుంధతి ఆయన్ని మెల్లగా దింపి కూర్చోబెట్టింది.

"కీలు అరిగిన మాట నిజమే బాబాయి గారూ. కానీ నొప్పంతా అరుగుదల వల్లే కాదు. భయపడి కాలు వాడకపోతే తొడ కండరం చిక్కిపోతుంది. బరువంతా కీలు మీదే పడుతుంది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కించేదాన్ని. కాలు చాపి ఎత్తించేదాన్ని. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేపేదాన్ని. పిన్ని గారు ఒక్క రోజు మానలేదు. చివరి నెల దస్త్రం పెట్టనా? అందులో అంకె రెండే ఉంటుంది. మీ మెట్లన్నీ ఆగకుండా ఎక్కానని సంబరపడ్డారు. మీతో చెప్పలేదా?"

"చెప్పింది," అన్నాడు నిఖిలేశ్వర్. "'చూశావా, ఏమీ లేదని నేను ముందే అన్నానుగా' అన్నాను."

అరుంధతి వంగి ఆయన మోకాలి పట్టీ విప్పింది.

ఆయన మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. చివరి నెల దస్త్రం వద్దన్నాడు. మొదటి రోజుదే పెట్టమనేవాడు. అయిదు నిమిషాలూ ఆ మూడు మెట్లే ఎక్కి దిగేవాడు. పట్టీ విప్పాక కూడా కుంటుతూనే బయటికి వెళ్ళేవాడు. అలవాటు కొద్దీ కుంటుతున్నాడని అరుంధతి మొదట అనుకుంది. రెండు నెలలు గడిచేసరికి ఆయన కుడి తొడ సన్నబడింది. కుర్చీలోంచి లేవడానికి చేతుల ఆసరా కావలసివచ్చింది.

ఆ రోజు ఆమె జాహ్నవి దస్త్రం తెరవలేదు. ఆయన మోకాలికి ఒక పట్టీ, తన మోకాలికి ఒకటి కట్టింది. ఆయన్ని నిలబడమంది. తన కాలిలో నొప్పి మొదలైంది. ఫలకం మీద అయిదు పడింది.

"ఇది పిన్ని గారిది కాదు," అంది. "మీది. కాలిని కాచుకుంటూ నడిచి తెచ్చుకున్నారు. ఇంకా లేతగానే ఉంది. వ్యాయామం చేస్తే మూడు నెలల్లో పోతుంది."

"తెలుసమ్మా."

"ఇక ఆవిడ దస్త్రం నేను పెట్టను. మందు ఇవ్వాల్సిన చేత్తో జబ్బు ఇచ్చాను. తప్పు నాది."

"నీ తప్పేమీ లేదు. నలభై నాలుగేళ్ళు పక్కనే ఉన్నాను. ఆవిడ సంగతి నాకు తెలిసినదంటూ ఉంటే ఈ రెండు నెలల్లో తెలిసిందే. ఇదొక్కటీ ఉండనీ."

అరుంధతి ఆయన్ని మంచం మీద కాలు చాపి కూర్చోబెట్టింది. తువ్వాలు చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టింది. తొడ మీద అరచెయ్యి ఆనించి, "కిందికి నొక్కండి. అయిదు లెక్కపెడతాను," అంది.

ఒకటి నుంచి అయిదు దాకా మెల్లగా లెక్కపెట్టింది. చేతి కింద కండరం బిగుసుకోలేదు. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

"బాబాయి గారూ."

"వింటున్నానమ్మా."

ఆమె మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.