గంటల మోతలో పెదవుల మాట

1984 మార్చి. ఉట్నూర్ దాటిన మలుపులో ఒక జీపు ఆగింది. డ్రైవింగ్ సీట్లో ఉన్న ఏజెంట్ అంబదాస్‌ను, పక్క సీట్లోని మనిషే కణతకు పిస్తోలు ఆనించి కాల్చాడు. అతని బూటు మడమలో దాచిన మైక్రోఫిల్మ్ తీసుకుని అడవిలో మాయమయ్యాడు. ఆ మనిషి పరాయివాడు కాదు. అంబదాస్‌తో ఒకే కంచంలో తిని పెరిగిన సహోద్యోగి, సిద్దిరాములు.

మూడు వారాల తరువాత కరీంనగర్ గెస్ట్‌హౌస్‌లో చీఫ్ శ్యాంసుందర్‌రావు బ్రీఫింగ్ ముగించాడు. ఫిల్మ్‌లో విదేశాలలో పనిచేస్తున్న మన పద్నాలుగు మంది ఏజెంట్ల పేర్లున్నాయి. సిద్దిరాములు జూరిక్‌లో ముఖం మార్పించుకున్నాడు. ఏప్రిల్ పదిన, స్టాక్‌హోమ్ పాతబస్తీలో జరిగే ఒక వాకింగ్ టూర్ ముగిసేలోగా, ఆ ఫిల్మ్ శత్రుముఠాకు చేరుతుంది. ఈ కబురు పంపింది టూర్ గైడ్ ఇంగ్రిడ్. గొప్ప అందగత్తె, డబుల్ ఏజెంట్. ఆమె మాటలో సగం నిజం. ఏ సగమో ఎవరికీ తెలియదు.

వింటున్న ఏజెంట్ బాలలక్ష్మి అంబదాస్‌కు సొంత అక్క. యాభై ఏళ్ల మనిషి. కంట చుక్క నీరు లేదు.

“ఫిల్మ్ ముఖ్యం. మనిషిని ఏం జేసినా నేను అడుగ,” అన్నాడు చీఫ్.

“సంపను సార్. పానంతోనే తెస్త. మా అంబదాస్‌ను ఎట్ల సంపిండో ఆదిలాబాద్ కోర్టుల, జడ్జి ముంగట, వాని నోటితోనే చెప్పాలె.”

ఏప్రిల్ పది. గోవా కాన్వెంట్‌కు చెందిన సిస్టర్ ఆగ్నెస్‌గా, తెల్లని ముసుగుతో, నల్లని గొడుగుతో బాలలక్ష్మి టూర్‌లో చేరింది. గొడుగు మొనలో మత్తుసూది ఉంది. పసుపు జెండా ఎత్తి ఇంగ్రిడ్ ముందు నడిచింది. రాళ్లు పరచిన చౌకులో ఆగి, నాలుగు వందల అరవై ఏళ్ల క్రితం ఒక రాజు విందు పెట్టి, మన్నించానని మాట ఇచ్చి, ఎనభై మందికి పైగా అతిథుల తలలు ఇక్కడే నరికించాడని చెప్పింది. బాలలక్ష్మి రాజు కథ వినలేదు. మూడు ముఖాలను చూస్తోంది. లెబనాన్ వ్యాపారి, మెక్సికో డాక్టర్, ఇరాన్ ప్రొఫెసర్. ముగ్గురిదీ సిద్దిరాములు ఎత్తే, సిద్దిరాములు రంగే. తప్పుడు మనిషిని పట్టుకుంటే అసలువాడు జారిపోతాడు. ఏ ముఖమూ చెదరలేదు.

పెద్ద చర్చి ముందుకు చేరేసరికి పన్నెండయింది. గంటలు మోగాయి. ఇంగ్రిడ్ మాట ఎవరికీ వినిపించక, ఆమె నవ్వి ఊరుకుంది.

బాలలక్ష్మికి సిరిసిల్ల గుర్తుకొచ్చింది. పవర్‌లూమ్ షెడ్డులో బతికినవారు సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో చెవులను నమ్ముకోరు. తిట్టయినా, పెళ్లి ముచ్చటైనా, పెదవులు చూసే గ్రహిస్తారు. సిద్దిరాములు ఎనిమిదేళ్లు ఆ షెడ్డులో పనిచేశాడు.

ఆమె ఇంగ్రిడ్ పక్కకు జరిగి, గుంపుకు ఎదురుగా నిలబడింది. గొంతు పలకకుండా, పెదవులు మాత్రం కదిపింది.

“సిద్దిరామూ, అంబదాస్ నీ ఎన్కనే నిలవడ్డడు.”

డాక్టర్ గంటల గోపురం చూస్తున్నాడు. వ్యాపారి కెమెరా తుడుచుకుంటున్నాడు. ఇరాన్ ప్రొఫెసర్ గిరుక్కున వెనక్కు తిరిగాడు.

జూరిక్ డాక్టరు కొత్త ముఖమైతే ఇచ్చాడు; భయం మాత్రం పాతదే.

తన తప్పు తనకే తెలిసి, అతడు గుంపును నెట్టుకుంటూ ముందుకొచ్చి, మడతపెట్టిన టూర్ మ్యాప్‌ను ఇంగ్రిడ్ చేతికి అందించబోయాడు. ఫిల్మ్ ఆ మడతలోనే ఉంది; శత్రుముఠా తరఫున అందుకోవాల్సింది ఇంగ్రిడే. ఆమె వేళ్లు మ్యాప్‌ను తాకిన క్షణంలోనే గొడుగు మొన అతని పిక్కలో దిగింది. అతడు మోకాళ్లపై కూలాడు. ఇంగ్రిడ్ మ్యాప్‌ను చూసింది, గొడుగును చూసింది. గాలి ఎటు వీస్తే అటు వాలే మనిషి. మ్యాప్‌ను మర్యాదగా సిస్టర్ చేతిలో పెట్టింది.

“అక్కా,” అన్నాడు సిద్దిరాములు, నాలుక మడతపడుతుండగా. “ఈడనే కాల్చి పారెయ్. గా ఊరికి మాత్రం తీస్కపోకు. మా అవ్వ ముఖం ఎట్ల జూడాలె?”

“అంబదాస్‌ను కాల్చేటప్పుడు మీ అవ్వ యాదికి రాలేదారా? కోర్టుకు వస్త అన్నది. ముందటి బెంచిల కూసుంటదట.”

ముందే ఆపి ఉంచిన కారులోంచి చీఫ్ పంపిన మనుషులిద్దరు దిగి అతన్ని ఎత్తుకున్నారు. ప్రొఫెసర్‌గారికి ఏమయిందని మెక్సికో డాక్టర్ కంగారుగా అడిగాడు.

“ఎండదెబ్బ,” అంది సిస్టర్ ఆగ్నెస్ ప్రశాంతంగా.

ఆనాడు స్టాక్‌హోమ్‌లో ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు.