నాలుగు గేర్లూ వెనక్కే

"ఏమయ్యా, బగ్గీకి గ్రీజు పెడుతున్నావా, నువ్వే తలంటుకుంటున్నావా?"

వెండెల్ బగ్గీ కిందనుంచి తల బయటపెట్టాడు. ముక్కు మీద గ్రీజు, చెవుల మీద గ్రీజు, జుట్టు నిండా గ్రీజు. బగ్గీకి ఏమైనా మిగిల్చాడో లేదో అనుమానమే. ఎదురుగా మేవిస్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. కాలిఫోర్నియాలోని పిస్మో ఇసుక దిబ్బల మీదుగా సముద్రపు గాలి వచ్చి ఆమె జుట్టంతా ముఖం మీదికి తోస్తోంది. దాన్ని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తిడుతోంది. తిట్టేటప్పుడు కూడా ఇంత బావుంటే మనిషన్నవాడు ఎట్లా బతకాలి అనుకుని, వెండెల్ మళ్ళీ బగ్గీ కిందికి దూరిపోయాడు.

"మాట్లాడవేం? శనివారం పొద్దున్నే బయల్దేరాలి, తెలుసా?"

"తెలుసు."

"వయోమింగ్ దాకా పోవాలి, తెలుసా?"

"అదీ తెలుసు. నీ బగ్గీకి మూడో గేరు జారిపోతోంది, అది నీకు తెలుసా? బాగుచెయ్యకుండా పోతే మీ అక్క ఇంటికి కాదు, ఎడారిలో రాబందుల ఇంటికి వెళ్తావు."

"అబ్బో! గేర్‌బాక్సు విప్పడం నీకొచ్చా?"

"మీ నాన్న షెడ్డులో రెండేళ్ళనుంచి ఏం చేస్తున్నాననుకున్నావు?"

"టీ తాగుతున్నావేమో అనుకున్నా," అని మేవిస్ చక్కా పోయింది.

ఆ బగ్గీ ఏమీ షోరూములో పుట్టిన బండి కాదు. ఓ పాత బీటిల్ కారు పైభాగం కోసి పారేసి, అడుగు పొట్టి చేసి, దాని మీద నారింజ రంగు ఫైబర్ తొట్టె ఒకటి బిగించారు. తలుపుల్లేవు, ఉన్నవి రెండే సీట్లు. ఇసుక దిబ్బల మీద మేకపిల్లలా గంతులేస్తుంది. కానీ ఎడారులు దాటి, కొండలెక్కి అంతదూరం పోవాలంటే గంతులు చాలవుగా. అందుకే వెండెల్ ఇసుక చక్రాలు విప్పి రోడ్డు టైర్లు వేశాడు. కాన్వాసు టాపు కుట్టించాడు. వైపర్ పెట్టాడు, హారన్ మార్చాడు, పెట్రోలు డబ్బాలకు వెనకాల స్టాండు వెల్డింగు చేశాడు. ఒక్క మాటలో చెప్పాలంటే దానికి పెళ్ళికూతురి అలంకారం చేశాడు.

చేస్తున్నంతసేపూ వాడి కడుపు మండుతూనే ఉంది. ఎందుకంటే వయోమింగ్‌లో మేవిస్ అక్క లోర్నా ఒక పళ్ళ డాక్టర్ని సిద్ధం చేసిపెట్టింది. వేసవంతా అక్కడే ఉండి ఆయన్ని చూడమంది. నచ్చితే ఇక అక్కడే ఉండిపొమ్మంది. మేవిస్ మీద వెండెల్‌కి ఎంత ప్రేమ ఉందో షెడ్డులో ఉన్న ప్రతి పానాకీ తెలుసు. మేవిస్‌కి మాత్రం చెప్పలేదు. చెప్పబోయినప్పుడల్లా నోట్లోంచి "టైర్లలో గాలి చూశావా?" అన్న మాటే వచ్చేది. ఇప్పుడు వాడి చేతిలో మిగిలినవి రెండే రోజులు.

గురువారం మధ్యాహ్నం గేర్‌బాక్సు విప్పి బల్ల మీద పెట్టాడు. షెడ్డు మూలన చీకటిగా ఉందని మేవిస్ దీపం పట్టుకుని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఆ డాక్టరు ఎట్లా ఉంటాడట?" అన్నాడు వెండెల్, బేరింగులు తుడుస్తూ.

"పొడుగ్గా ఉంటాడట."

"పొడుగ్గానా? నోట్లోకి వంగి వంగి నడుం పోతుంది పాపం."

"సొంత ఇల్లుందట. మంచు తోసే బండి కూడా ఉందట."

"వేసవిలో దాంతో ఏం తోస్తాడు?"

మేవిస్ నవ్వాపుకుంది. "నీకెందుకయ్యా ఆయనంటే అంత మంట?"

"నాకా? నాకేం మంట? ఎవడి పళ్ళు వాడివి." పెద్ద పళ్ళ చక్రం రెండు చేతుల్తో ఎత్తి పట్టుకున్నాడు. "అయినా వయోమింగ్‌లో సముద్రం ఉందా?"

"లేదు."

"మరి ఎట్లా ఉంటావు?"

మేవిస్ దీపం కాస్త ఎత్తింది. దీపం వెలుగు ఆమె గడ్డం మీద పడుతోంది. అక్కడ చిన్న గ్రీజు మరక ఉంది, తుడవమని చెప్పాలి, చెప్తే తుడిచేసుకుంటుంది. వెండెల్ ఆ మరకనే చూస్తూ చక్రాన్ని లోపలికి దించి, మూత పెట్టి, బోల్టులన్నీ బిగించేశాడు.

"అయిపోయిందా?" అంది మేవిస్ ఉలిక్కిపడి.

"అయిపోయింది."

"త్వరగా చేశావే!"

"మరేమనుకున్నావు? టీ తాగే చేతులు కావివి."

ఇంజను కూడా బిగించాక ఒక్కసారి నడిపి చూసుకుంటే ఈ కథే ఉండేది కాదు. కానీ పిస్మోలో దిబ్బల క్లబ్బు వాళ్ళకి ఓ ఆచారం ఉంది. దూరప్రయాణానికి సిద్ధమైన బగ్గీని బయల్దేరే పొద్దుటి దాకా ఎవరూ నడపకూడదు. షెడ్డు దగ్గర్నుంచి సముద్రపు ఒడ్డుదాకా చేతుల్తో తోసుకుంటూనే రావాలి. ఇంజనుతో చక్రాలు మొదటిసారి అందరి ముందూ తిరిగితేనే శుభం. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో మారు మాట్లాడరు.

శనివారం పొద్దున ఒడ్డంతా పొగమంచు. చర్చి ఆడవాళ్ళు బల్లలు వేసి పాన్‌కేకులు కాల్చి వడ్డిస్తున్నారు. వయోమింగ్ దాకా కలిసి పోయే క్లబ్బు బగ్గీలన్నీ వరసగా నిలబడ్డాయి. నారింజ బగ్గీని వెండెల్, మేవిస్, ఆమె తండ్రి ఆర్విల్ గారు ముగ్గురూ తోసుకుంటూ తెచ్చి వరసలో చివర, పాన్‌కేకుల బల్లకి కాస్త ముందుగా నిలబెట్టారు. పక్క సీట్లో మేనత్త హెస్టర్ కూర్చుంది. ఒళ్ళో చేతిసంచి, నెత్తిన ఈకల టోపీ. మేవిస్‌కి దారి తోడు ఆవిడే.

"అత్తా, గట్టిగా పట్టుకో," అంది మేవిస్ స్టీరింగు ముందు కూర్చుంటూ.

"నేను గుర్రాలెక్కినదాన్నే, నాకు చెప్తావేంటే?" అంది హెస్టర్ అత్త.

మేవిస్ చివరిసారిగా వెండెల్ వైపు చూసింది. "ఏమన్నా చెప్పాలా?"

వెండెల్ గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నోరు తెరిచాడు. "టైర్లలో గాలి..."

"చూశాను," అంది మేవిస్. ఆ మాటలో కోపమో నిరాశో వాడికి అర్థం కాలేదు. క్లబ్బు ప్రెసిడెంటు బూర ఊదాడు. బగ్గీలన్నీ కదిలాయి. మేవిస్ మొదటి గేరు వేసి క్లచ్చు వదిలింది.

బగ్గీ ఝామ్మని వెనక్కి పోయింది.

"అయ్యో, రివర్సులో పడిందేమో!" అని మేవిస్ రెండో గేరు వేసింది. ఇంకా జోరుగా వెనక్కి పోయింది. బల్ల విరిగింది, పాన్‌కేకులు గాల్లోకి లేచాయి, సిరప్ జాడీ సరాసరి హెస్టర్ అత్త టోపీ మీద బోర్లాపడింది. చర్చి ఆడవాళ్ళు గరిటెలతో సహా ఇసుకలోకి పరిగెత్తారు.

"ఓరి నాయనో! గుర్రం కూడా ఇట్లా చెయ్యలేదే!" అని అరిచింది హెస్టర్ అత్త.

మేవిస్‌కి ఏం తోచక రివర్సు గేరు వేసింది. బగ్గీ బుద్ధిమంతురాలిలా మెల్లగా ముందుకు నడిచి ఆగింది.

ఆర్విల్ గారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. బీటిల్ గేర్‌బాక్సులో ఆ పెద్ద పళ్ళ చక్రాన్ని ఈ పక్కనుంచీ బిగించొచ్చు, ఆ పక్కనుంచీ బిగించొచ్చు. ఎటు పెట్టినా చక్కగా కూర్చుంటుంది. తప్పు పక్కన కూర్చుంటే మాత్రం నాలుగు గేర్లు వెనక్కీ, ఒక్కటి ముందుకీ పనిచేస్తాయి. ఆ సంగతి అక్కడున్న పసిపిల్లలకి కూడా తెలుసు. అందరూ వెండెల్ వైపు తిరిగారు.

"పిల్ల ఊరు దాటకుండా భలే ప్లానేశాడ్రా!" అన్నారెవరో.

"ఎంత ప్రేమో పాపం," అంది గరిటె పట్టుకున్న ఒకావిడ, కళ్ళు ఒత్తుకుంటూ.

మేవిస్ బగ్గీ దిగి నేరుగా వాడి ముందుకొచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. "కావాలనే చేశావా?"

ఆర్విల్ గారు కూడా వచ్చారు. "ఒరేయ్, కావాలని చేస్తే దొంగవి. తెలియక చేస్తే దద్దమ్మవి. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు, విందాం."

వెండెల్ లెక్క వేసుకున్నాడు. దొంగనంటే మేవిస్ జన్మలో ముఖం చూడదు. దద్దమ్మనంటే ఉద్యోగం ఊడుతుంది, కాలిఫోర్నియా షెడ్డులన్నీ పొట్ట పట్టుకుని నవ్వుతాయి. ఎందుకు తప్పు జరిగిందో చెబితే ఆ రెండిటికన్నా ఘోరం.

"నాకు దొంగలతో పనిలేదు," అంది మేవిస్. "నేను వెళ్ళడం ఇష్టం లేకపోతే వెళ్ళొద్దని చెప్పొచ్చుగా. నోరు లేదా?"

క్లబ్బు వాళ్ళు రాత్రికి బేకర్స్‌ఫీల్డ్‌లో గుడారాలు వేసుకుని ఆగుతామని, ఈలోగా బాగుచేసుకుని అందుకోమని చెప్పి వెళ్ళిపోయారు. హెస్టర్ అత్త కారుతున్న సిరప్‌తోనే ఆర్విల్ గారి ట్రక్కెక్కింది. "నేను బస్సులో పోతాను. ముందుకు పోయే బస్సులో," అని ప్రకటించింది.

"ఎక్కు," అంది మేవిస్ వెండెల్‌తో. "షెడ్డుకి తీసుకెళ్ళి నీ చేతే విప్పిస్తా."

"ముందుకుపోయే గేరు ఒకటుందిగా, మెల్లగా..."

"ఆ గేర్లో పోతే క్రిస్మస్‌కి చేరతాం. నోర్మూసుకుని కూర్చో."

మూడో గేరు వేసింది. నారింజ బగ్గీ ఊరి నడివీధిలో వెనక్కి పరిగెత్తింది. ఆర్విల్ గారి ట్రక్కు దాని ముక్కుకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెంటవస్తోంది. వెనక్కి నడపాలంటే వెనక్కి చూడాలి. మేవిస్ ఒక చెయ్యి వాడి సీటు మీద వేసి, మెడ తిప్పి, వాడి భుజం మీదుగా చూస్తోంది. ఆమె ముఖం వాడి ముఖానికి జానెడు దూరంలో ఉంది.

"నన్నెందుకు చూస్తున్నావు? రోడ్డు చూడు," అంది.

"రోడ్డు నా వెనకుంది. నా ముందున్నది నువ్వే."

"మాటలకేం తక్కువలేదు దొంగకి."

"నేను దొంగని కాదు మేవిస్."

"మరి?"

వెండెల్ చెప్పబోతుండగా వెనకాల ఈల వినబడింది. అంటే బగ్గీ పోతున్న వైపే అన్నమాట. పోలీసు స్టబ్స్ రోడ్డు మధ్యలో చెయ్యి చాచి నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఎటు వెళ్తున్నావు?"

"ముందుకే సార్."

"నాకలా కనిపించడం లేదే. ఎందుకిట్లా నడుపుతున్నావు?"

"ఈయన్నే అడగండి. గేర్‌బాక్సు బిగించింది ఈయనే."

స్టబ్స్ వెండెల్ వైపు తిరిగాడు. "చెప్పు బాబూ. చట్టం అడుగుతోంది."

ట్రక్కు ఆగింది. ఆర్విల్ గారు దిగారు. సిరప్ తుడుచుకుంటూ హెస్టర్ అత్త తల బయటపెట్టింది. బార్బరు షాపులో సగం గడ్డం గీయించుకున్నవాడు తువ్వాలుతోనే గుమ్మంలోకి వచ్చాడు. ఇక తప్పదు. ఇప్పుడు చెప్పకపోతే ఈ పిల్ల వయోమింగ్ పోతుంది, ఎప్పటికీ తనని దొంగనే అనుకుంటుంది.

"నేను దద్దమ్మని సార్," అన్నాడు వెండెల్. "చక్రం ఏ పక్కన పెడుతున్నానో చూడలేదు. ఎదురుగా ఈ అమ్మాయి కూర్చుంది. గడ్డం మీద గ్రీజు మరక ఉంది. దాన్నే చూస్తూ బిగించేశాను. మొన్నొక్కరోజే కాదు, వాళ్ళ షెడ్డులో చేరినప్పట్నించీ నా చూపు అటే ఉంది. ఇన్నాళ్ళూ ఒక్క బండీ ఎట్లా పాడవలేదో నాకే తెలియదు. మేవిస్, నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. కానీ నిన్ను ఆపడానికి బండి చెడగొట్టేవాణ్ణి మాత్రం కాదు. నువ్వంటే నాకు ప్రాణం."

స్టబ్స్ ఈల జేబులో పెట్టుకున్నాడు. హెస్టర్ అత్త ముక్కు చీదింది.

మేవిస్ తల వంచుకుని గేరు రాడ్డును అటూ ఇటూ తిప్పుతోంది. "ఇంత దద్దమ్మ పని ఎవడైనా చేస్తాడా? అంత పెద్ద చక్రం కళ్ళకి కనబడదా?"

"ఆగవే ఆగు," అన్నారు ఆర్విల్ గారు. "వాడు దద్దమ్మ, ఒప్పుకున్నాడు. మరి దీపం పట్టుకున్నదెవరు?"

మేవిస్ గేరు రాడ్డు వదిలేసింది.

"బడికి పోయే వయసులోనే కళ్ళకి గంతలు కట్టినా గేర్‌బాక్సు బిగించినదానివి. ఆ చక్రం నీ ముక్కు కిందే తప్పు పక్కన కూర్చుంది. మూత పెట్టేదాకా గుడ్లప్పగించి కూర్చున్నావు. నువ్వెటు చూస్తున్నావు తల్లీ?"

"దీపం వైపు," అంది మేవిస్.

"దీపం నీ చేతిలోనే ఉందిగా!"

మేవిస్ చెవులు బగ్గీ రంగుకి తిరిగాయి. బార్బరు షాపువాడు చప్పట్లు కొట్టాడు. వెండెల్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక బగ్గీలోంచి కిందపడ్డాడు. తలుపుల్లేవు కదా, పడటం తేలికే.

"మీ అక్కకేం చెప్తావే?" అంది హెస్టర్ అత్త.

"నా పళ్ళు బాగానే ఉన్నాయని చెప్తా," అంది మేవిస్, వాణ్ణి చెయ్యిచ్చి లేపుతూ. "కానీ అక్కని చూడాలి, వెళ్తాను. పక్క సీటు ఖాళీ అయిందిగా. నాన్నా?"

ఆర్విల్ గారు ఇద్దర్నీ ఎగాదిగా చూశారు. "గుడారాలు వేరువేరు. మగవాళ్ళ గుడారంలో వీడు, ఆడవాళ్ళ గుడారంలో నువ్వు. ప్రెసిడెంటుకి ఫోన్ చేసి చెప్తాను, కాపలా ఉంటాడు. వేసవి అయ్యేసరికి ఇద్దరూ ఇంట్లో ఉండాలి, పెళ్ళి మాటలు మాట్లాడాలి. గేర్‌బాక్సు మాత్రం నేను బిగిస్తా. మీరిద్దరూ షెడ్డు గుమ్మం తొక్కారంటే కాళ్ళు విరగ్గొడతా."

ఎండ వాలేవేళకి బగ్గీ తయారైంది. ఆర్విల్ గారు స్వయంగా తోలి చూశారు. ఆచారం గీచారం ఏమీ లేదు పొమ్మన్నారు. మేవిస్ మొదటి గేరు వేసింది. బండి ముందుకు కదిలింది. హెస్టర్ అత్త ఊపిరి పీల్చుకుంది.

"ఇక రోడ్డు చూడు," అన్నాడు వెండెల్.

"నువ్వు చూడు."

"నడిపేది నువ్వు కదా."

"నువ్వలా చూస్తుంటే నేనెట్లా నడపను? చూడ్డం మానేస్తావా?"

"మానను."

"సరే అయితే, మెల్లగానే పోదాం."

వీధి చివరిదాకా బగ్గీ మొదటి గేర్లోనే గుర్రు గుర్రుమంటూ పాకింది. నడుచుకుంటూ వెళ్తున్న ఓ ముసలాయన దాన్ని దాటి ముందుకు వెళ్ళిపోయాడు. షెడ్డు గుమ్మంలోంచి ఆర్విల్ గారు గొంతు చించుకుని అరిచారు.

"రెండో గేరు వెయ్యవే తల్లీ! బేకర్స్‌ఫీల్డ్ చేరేలోపు పిల్లలు పుట్టేట్టున్నారు!"