గాల్లో నలభై నిమిషాలు

బస్సు వచ్చేసింది!

అతను చటుక్కున బస్టాండు స్తంభం చాటుకి జరుగుతాడు. చీకటి పడుతోంది. చొక్కా కింద, ఇందాకే ఈ ఊళ్లో కొన్న ఇనుప రాడ్డు పొట్టకి చల్లగా తగులుతోంది.

ఫోన్ తెర మీద నీలం చుక్క. ఆ చుక్క... అత్తగారు!

ఎవరికి ఏమవుతుందోనని అనుక్షణం గుండె పట్టుకుని బతికే మనిషి. తను ఎక్కడుందో ఇంట్లో అందరి ఫోన్లలోనూ కనపడేలా తనే పెట్టించుకుంది. తప్పిపోతానని భయమట!

అతనికి నవ్వొస్తుంది.

పొద్దున ఫోన్లో ఎంత ఎగిరిపడింది!

"నా కూతుర్ని గదిలో పెట్టి తాళం వేస్తారా? మీరు మీ పార్ట్‌నర్ని చంపడం అది కళ్లారా చూసింది! ఇక్కడి పోలీసులు మీవాళ్లే. నేను సిటీలో పెద్ద పోలీసాఫీసర్ దగ్గరికే వెళ్తున్నా!"

వెళ్లు తల్లీ! కొండలన్నీ చుట్టుకుంటూ, బస్సులో, పగలంతా వెళ్లు!

అతనికైతే గాల్లో నలభై నిమిషాలు. భోంచేసి, కునుకు తీసి, తీరిగ్గా విమానం ఎక్కాడు. కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు, ఎవరో విసిరేసిన తాడులా... ఆ తాడు మీద ఎక్కడో చీమలా అత్తగారు!

దిగగానే తమ్ముడు ఫోన్.

"అన్నయ్యా, పొద్దుట్నుంచీ వదిన గది ముందే ఉన్నా. ఆకలి చంపేస్తోంది."

"వెళ్లి తినిరారా! ఎవరొస్తారు? ముసలిది కొండ మలుపుల్లో వాంతులు చేసుకుంటూ ఉంటుంది!"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఈమెని ఇక్కడే ఆపాలి. ఆఫీసర్ గుమ్మం తొక్కకముందే! ఆ తర్వాత ఇంటికెళ్లి... భార్య సంగతి.

బస్సు ఆగుతుంది. జనం దిగుతున్నారు. ఒక్కొక్క మొహమే చూస్తున్నాడు.

ఆమె కాదు... కాదు... ఈమె కూడా కాదు!

ఆఖరి మనిషీ దిగిపోయాడు. డ్రైవర్ టీకి వెళ్లిపోయాడు.

చుక్క మాత్రం కదలడం లేదు. బస్సులోనే ఉంది!

భయపడి సీటు కింద దూరుంటుంది. ఛీ... ఇంత పిరికి ప్రాణానికి ఆఫీసర్ కావాలట!

రాడ్డు తీసి బస్సెక్కుతాడు.

ఖాళీ!

వెనక సీటు కింద ఏదో మోగుతోంది. వంగి చూస్తాడు. అత్తగారి ఫోన్!

తెర మీద పేరు... 'అల్లుడి ఇల్లు'.

ఎత్తుతాడు.

"చేరారా బాబూ?" అత్తగారి గొంతు! అదే వణుకు.

"మీరు... అక్కడ..."

"బస్సు నాకు పడదు కదా. అందుకే ఫోన్ని పంపించా. మీరు బ్యాగుతో బయల్దేరడం చూశాక, మీ తమ్ముడు కదిలేదాకా ఎదురింటి మెట్ల మీదే కూర్చున్నా. గుండె దడదడలాడిపోయిందనుకోండి! గది తాళం పగలగొట్టడానికి మీ పూలకుండీ సరిపోయింది."

"ముసలిదానా! నా పెళ్లాన్ని..."

"అమ్మాయి నా పక్కనే ఉంది. మీ తమ్ముడు తిని వచ్చేస్తాడేమోనని వీధి తలుపుకి గడియ పెట్టేశా. ఆ ఆఫీసర్‌కి ఫోన్ చేసి, చూసిందంతా చెప్పేసింది. మీరు ఏ బస్సు కోసం కాపు కాస్తున్నారో అది మాత్రం నేను చెప్పా."

"కదలొద్దు! నలభై నిమిషాల్లో వచ్చి నీ పీక..."

"మళ్లీ విమానం రేపేగా బాబూ. రోడ్డు మీదే రండి. రాత్రిపూట కొండదారి... ఒక్కరే అంటే నాకు ఒకటే భయం. అందుకే తోడుగా ఇద్దర్ని పంపమన్నా."

బస్సు మెట్ల మీద బూట్ల చప్పుడు!